కోట గోడల ఊరిలో రాత్రి బస

ప్రయాణంలో పగటి వేళ గడవడం సులభం. చూడదగిన కట్టడాలు, వీథులు, సముద్రతీరాలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. యాత్రికుడు వాటిని వెదుక్కుంటూ వెళతాడు, చూస్తాడు, తిరిగి వస్తాడు. రాత్రి సంగతి అలాంటిది కాదు. పొద్దుగూకిన తరువాత తలదాచుకొనే చోటును అతడే ఎంచుకోవాలి. ఆ చోటు అనుకూలంగా ఉంటే మరునాటి ప్రయాణం హాయిగా సాగుతుంది. లేకుంటే ఎంత అందమైన ఊరైనా అలసటనే మిగులుస్తుంది. అందువల్ల బస ఎంపిక యాత్రలో చిన్న విషయం కాదు. పైగా ఆ ఎంపిక ఫలితాన్ని యాత్రికుడితోపాటు ఆ ఊరివారు కూడా అనుభవిస్తారు. ఈ రెండో విషయం చాలామంది దృష్టికి రాదు.

ఈ సంగతిని చక్కగా బోధించే ఊరు మధ్యధరా ప్రాంతంలో ఒకటి ఉంది. దాని పేరు దుబ్రోవ్నిక్. మధ్యధరా సముద్రంలో భాగమైన ఏడ్రియాటిక్ తీరాన, క్రొయేషియా దేశపు దక్షిణపు కొసన ఇది వెలసింది. ఒకప్పుడు దీన్ని రగూసా అని పిలిచేవారు. నౌకావాణిజ్యంతో వర్ధిల్లిన ఈ చిన్న గణరాజ్యం శతాబ్దాల పాటు తన పాలనను తానే నడుపుకొని, 1808లో నెపోలియన్ సేనల కారణంగా అంతరించింది. పాత నగరాన్ని 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. నేడు ప్రపంచం నలుమూలల నుంచి యాత్రికులు అక్కడికి తరలివస్తున్నారు.

బస ఎక్కడ అన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందుగా ఊరి స్వరూపం తెలియాలి. పాత నగరం చుట్టూ 1,940 మీటర్ల పొడవున రాతి ప్రాకారం ఉంది. కొన్నిచోట్ల దాని ఎత్తు 25 మీటర్లు. పడమట పీలె ద్వారం, తూర్పున ప్లోచె ద్వారం. ఈ రెండింటినీ కలిపే రాజవీథి పేరు స్ట్రాదున్. దీని పొడవు సుమారు 300 మీటర్లు. ఒకప్పుడు ఈ వీథి ఉన్నచోట సన్నని సముద్రపు పాయ ఉండేది. దానికి ఇరువైపులా ఉన్న జనావాసాలను కలపడానికి ఆ పాయను పూడ్చి వీథిగా మలిచారు. 1667 ఏప్రిల్ 6న వచ్చిన భూకంపంలో నగరంలో ఎక్కువ భాగం నేలమట్టమైంది. ఈనాడు మనకు కనిపించే స్ట్రాదున్ ఇళ్ల వరుస ఆ తరువాత ఒకే తీరుగా తిరిగి కట్టుకొన్నది.

స్ట్రాదున్ సమతలంగా ఉంటుంది. పాదాల రాపిడికి దానిలోని సున్నపురాయి అద్దంలా నునుపెక్కింది. కాని దానికి ఉత్తరాన ఉన్న సందులన్నీ మెట్ల వరుసలే. దక్షిణాన కూడా సముద్రం వైపు నేల మెల్లగా పైకి లేస్తుంది. ప్రాకారం లోపలికి కార్లకు ప్రవేశం లేదు. గోడల వెలుపల కూడా ఊరు సర్జ్ కొండ వాలున పరచుకొని ఉంది. ఆ కొండ ఎత్తు 412 మీటర్లు. కాబట్టి ఇక్కడ దూరాన్ని అడుగులతోనే కాక మెట్లతో కూడా కొలవాలి. పటంలో దగ్గరగా కనిపించే రెండు చోట్ల మధ్య వందల మెట్లు ఉండవచ్చు.

బయటివారు రాత్రి ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఈ ఊరికి కొత్తది కాదు. ఆరున్నర శతాబ్దాల క్రితమే రగూసా పాలకులు దానిని చట్టంగా రాశారు. ప్లేగు మహమ్మారి ఐరోపాను కుదిపివేస్తున్న కాలం అది. వ్యాపారం ఆగితే ఊరు బతకదు, వ్యాధి వస్తే ఊరు మిగలదు. ఈ రెండింటి నడుమ వారు ఒక ఉపాయాన్ని కనిపెట్టారు. ప్లేగు సోకిన ప్రాంతాల నుంచి వచ్చేవారు మర్కన్ అనే దీవిలోగాని, సమీపంలోని త్సావ్తాత్ అనే ఊరిలోగాని ఒక నెల గడిపిన తరువాతనే నగరంలో అడుగు పెట్టాలని 1377లో మహాసభ శాసనం చేసింది. అనంతర కాలంలో ఆ గడువు నలభై రోజులుగా స్థిరపడింది. ఇటలీ భాషలో నలభైని సూచించే పదం నుంచే 'క్వారంటైన్' అన్న మాట పుట్టింది. 2020లో కోవిడ్ కాలాన తెలుగునాట ఇంటింటా వినిపించిన మాట ఇదే. ప్లోచె ద్వారం వెలుపల సముద్రపు ఒడ్డున 16వ శతాబ్దం చివర మొదలై 17వ శతాబ్దంలో పూర్తయిన లాజరేటి అనే క్వారంటైన్ శాలల వరుస నేటికీ నిలిచి ఉంది. ఇప్పుడు అక్కడ సాంస్కృతిక కార్యక్రమాలు జరుగుతున్నాయి. అతిథిని కాదనకుండానే ఊరిని కాపాడుకోవడం ఎలాగన్నది నాటి సమస్య. రూపం మారినా నేటి సమస్య కూడా అదే.

ఆధునిక కాలపు విహారయాత్రలకు గుర్తుగా 1897లో పీలె ద్వారం సమీపంలో ఇంపీరియల్ హోటలు ప్రారంభమైంది. తరువాతి దశాబ్దాల్లో తీరం పొడవునా హోటళ్లు వెలిశాయి. 1991 అక్టోబరులో యుద్ధం ఈ ఊరిని ముట్టడించింది. ఆ ఏడాది డిసెంబరు 6న పాత నగరంపై తీవ్రంగా గుండ్ల వర్షం కురిసింది. విహారానికి కట్టిన హోటళ్లే ఆనాడు ఇళ్లు కోల్పోయిన వారికి ఆశ్రయమిచ్చాయి. యునెస్కో ఈ నగరాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ సంపదల పట్టికలో చేర్చి, పునర్నిర్మాణం జరిగిన తరువాత 1998లో అందులో నుంచి తొలగించింది. ఊరు మళ్లీ నిలదొక్కుకోవడానికి యాత్రికుల రాక ఎంతో తోడ్పడింది. అందుచేత అతిథుల పట్ల ఇక్కడివారికి గల ఆదరణలో జీవనావసరం కూడా కలిసి ఉంది.

ఇక బస సంగతి. దుబ్రోవ్నిక్‌లో రాత్రి గడపదలచినవారు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎక్కడ ఉండాలి? ఎంత ఎక్కాలి? ఏ ఋతువులో వెళ్లాలి? ఉండబోయే ఇల్లు ఎవరిది? మొదటి మూడు ప్రశ్నలు మన సౌకర్యానికి సంబంధించినవి. నాలుగోది ఊరి క్షేమానికి సంబంధించినది.

మొదటి ప్రశ్న స్థలం. అందరి మనసూ ముందుగా కోట లోపలికే పోతుంది. ఓడల మీద వచ్చినవారిలో అత్యధికులు ఉదయం దిగి సాయంత్రానికి వెళ్లిపోతారు. వారు వెళ్లాక వీథులు ఊపిరి పీల్చుకుంటాయి. దీపాల వెలుగు నునుపైన రాళ్లపై పరచుకుంటుంది. తెల్లవారుజామున గంటా గోపురం మోగేవేళకు వీథిలో పావురాలు, దుకాణాలకు సరుకు తెచ్చేవారు మాత్రమే కనిపిస్తారు. ఈ రెండు వేళలను తీరికగా చూడగలిగినవాడు రాత్రి అక్కడ నిలిచినవాడే. అయితే ఆ అందానికి చెల్లించవలసిన మూల్యం ఉంది. గదులు చిన్నవి, అద్దెలు అధికం. ప్రాచీన భవనాల్లో లిఫ్టులు అరుదు. ఇరుకు సందుల్లో కిటికీల కిందనే భోజనశాలలు ఉంటాయి. వేసవిలో అర్ధరాత్రి దాకా మాటలు, సంగీతం రాతిగోడలకు తగిలి మారుమోగుతుంటాయి. తేలికగా నిద్రపట్టనివారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

తూర్పు ద్వారం దాటితే ప్లోచె ప్రాంతం. కోటను, పాత ఓడరేవును, ఎదురుగా ఉన్న లోక్రుమ్ దీవిని ఒక్కచూపులో చూడగలగడం ఇక్కడి ప్రత్యేకత. ఖరీదైన హోటళ్లు కొన్ని ఈ ఒడ్డునే ఉన్నాయి. బాన్యె అనే గులకరాళ్ల తీరం నడకదూరంలో ఉంటుంది. మన తూర్పు తీరంలోలాగా విశాలమైన ఇసుక తిన్నెలు ఇక్కడ ఉంటాయని ఊహించకూడదు. ఈ తీరాలు ఎక్కువగా గులకరాళ్లవి, కొండరాళ్లవి. ప్లోచెలో కొండమీది వీథుల్లో తక్కువ అద్దెకు గదులు దొరుకుతాయి. అవి ఎందుకు తక్కువో సాయంకాలం మెట్లెక్కేటప్పుడు అర్థమవుతుంది.

పాత నగరానికి పడమర దిశగా సుమారు 3 కిలోమీటర్ల దూరంలో లాపద్ ఉంది. చెట్ల నీడన సాగే పాదచారుల బాట, దాని చివర ప్రశాంతమైన అఖాతం, సూర్యాస్తమయ శోభ దీని ఆకర్షణలు. పిల్లలతో వచ్చినవారికి, వృద్ధులకు ఇది అనువైన చోటు. పీలె ద్వారం వరకు సిటీ బస్సులు తరచుగా నడుస్తాయి. పగలంతా కోటలో తిరిగి రాత్రికి నెమ్మదైన చోటుకు చేరాలనుకునేవారికి లాపద్ చక్కగా సరిపోతుంది.

లాపద్‌కు పక్కనే గ్రూజ్ ఓడరేవు. దీవులకు వెళ్లే పడవలు ఇక్కడి నుంచే బయలుదేరుతాయి. పెద్ద ఓడలు ఇక్కడే ఆగుతాయి. దూరప్రాంతాల బస్సుల ప్రధాన స్టేషను కూడా ఇదే. ఉదయం వేళ ఇక్కడి సంతలో చుట్టుపక్కల రైతులు తెచ్చిన కూరగాయలు, పండ్లు, జాలరులు పట్టిన చేపలు అమ్ముతారు. గ్రూజ్ అలంకరించుకొని అతిథికి ఎదురువచ్చే పేట కాదు, ఊరివారు తమ పనులు తాము చేసుకొనే పేట. తెల్లవారుజామున పడవ అందుకోవలసినవారికి, వంటగది ఉన్న ఇంట్లో దిగి స్వయంగా వండుకోదలచినవారికి, ముఖ్యంగా శాకాహారులకు, ఇది అనుకూలం.

రద్దీని ఇంకా తప్పించుకోదలిస్తే ఆగ్నేయంగా తీరం వెంబడి చిన్న ఊళ్లు ఉన్నాయి. పైన చెప్పుకొన్న త్సావ్తాత్ వాటిలో ఒకటి. ఒకనాడు అనుమానితులను నెలరోజులు ఆపివేసిన ఊరు నేడు ప్రశాంతత కోరినవారిని పిలిచి ఉంచుకొంటున్నది. విమానాశ్రయం కూడా ఆ వైపే, నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ గ్రామం పేరు చిలిపి. తెలుగువారి చెవికి నవ్వు తెప్పించే పేరు ఇది. పేర్లు కలవడం యాదృచ్ఛికమే. మరునాడు పొద్దున్నే విమానం ఎక్కవలసినవారు చివరి రాత్రి త్సావ్తాత్‌లో గడపడం తెలివైన పని.

రాత్రి ఎవరూ ఉండకూడని చోటు కూడా ఇక్కడ ఒకటి ఉంది. అదే లోక్రుమ్ దీవి. పాత ఓడరేవు నుంచి కొద్ది నిమిషాల పడవ ప్రయాణం. అక్కడి మఠం నుంచి తమను వెళ్లగొట్టినప్పుడు బెనెడిక్టీన్ సన్యాసులు దీవిని స్వంతం చేసుకొనేవారిని శపించారని ఒక కథ ప్రచారంలో ఉంది. శాపం మాట ఎలా ఉన్నా, రక్షిత ప్రకృతి ప్రదేశమైన ఆ దీవిలో రాత్రి బస నిషిద్ధం. సాయంత్రపు చివరి పడవలో అందరూ తిరిగి రావలసిందే. పైన్ చెట్లకు, నెమళ్లకు రాత్రిపూట అక్కడ పూర్తి విశ్రాంతి.

రెండో ప్రశ్న ఎత్తు. గది నిర్ణయించుకొనే ముందు బస్సు దిగిన చోటు నుంచి వాకిటి దాకా ఎన్ని మెట్లున్నాయో, ఇంట్లో ఎన్నో అంతస్తులో గది ఉందో ఇంటివారిని అడిగి తెలుసుకోవాలి. కారు వాకిటి వరకు వస్తుందా అన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. మోకాళ్ల నొప్పులున్నవారికి వందమెట్ల పైనున్న సుందర దృశ్యం కంటే చదునైన వీథిలోని సాధారణ గది మేలు. సామాను తక్కువగా తీసుకుపోవడం అన్నిచోట్లా మంచిదే, ఇక్కడ మాత్రం అది తప్పనిసరి.

మూడో ప్రశ్న కాలం. జూలై, ఆగస్టు నెలల్లో ఎండ, రద్దీ, అద్దెలు మూడూ పరాకాష్ఠకు చేరుతాయి. ఆ నెలల్లో వెళ్లేవారు చల్లదనమిచ్చే యంత్రం గదిలో ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. మే, జూన్, సెప్టెంబరు నెలల్లో వాతావరణం హాయిగా ఉంటుంది. సెప్టెంబరులో సముద్రజలం ఇంకా వెచ్చగానే ఉంటుంది. శీతాకాలంలో గదులు చవక, వీథులు ఖాళీ. కాని వానలు ఎక్కువ, హోటళ్లు కొన్ని మూతబడతాయి. గాలులను కూడా గమనించాలి. ఆగ్నేయం నుంచి వీచే తేమగాలిని యూగో అంటారు. అది సముద్రాన్ని కల్లోలపరుస్తుంది, మనుషులకు చిరాకు తెప్పిస్తుంది. ఈశాన్యం నుంచి కొండల మీదుగా దూసుకువచ్చే చలిగాలి బూరా. యూగో వీచే రోజుల్లో రగూసా పాలకులు ముఖ్య నిర్ణయాలు చేసేవారు కారని అక్కడివారు చెప్పుకుంటారు. గాలి రోజున సముద్రానికి ఎదురుగా ఉన్న గది కంటే లోపలివైపు గదే సుఖం.

ఈ మూడింటితోపాటు నియమాలను కూడా తెలుసుకోవాలి. క్రొయేషియాలో హోటళ్లతో పాటు కుటుంబాలు అద్దెకిచ్చే గదులు విరివిగా ఉంటాయి. 'సోబె' అని రాసి ఉంటే గదులు అని, 'అపార్ట్‌మాని' అని ఉంటే వంటగదితో కూడిన వాటాలు అని అర్థం. అనుమతి పొందిన ఇంటి వాకిట నీలిరంగు పలక ఉంటుంది. దానిపై ఆ బస తరగతిని తెలిపే నక్షత్రాలు ఉంటాయి. యజమాని అతిథి పాస్‌పోర్టు వివరాలను ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయాలి. నమోదు అక్కర లేదు, తక్కువకే ఇస్తానని ఎవరైనా అంటే ఆ గదికి అనుమతి లేదని గ్రహించాలి. 2023 జనవరి 1 నుంచి అక్కడ యూరో చెల్లుతున్నది. అదే రోజున ఆ దేశం షెంగెన్ ప్రాంతంలో చేరింది. కనుక భారతీయ యాత్రికులు షెంగెన్ వీసాతో అక్కడికి వెళ్లవచ్చు.

ఇప్పుడు నాలుగో ప్రశ్నకు వద్దాం. ఉండబోయే ఇల్లు ఎవరిది? 1991లో కోట గోడల లోపల సుమారు 5 వేల మంది నివసించేవారు. నేడు వారి సంఖ్య 2 వేలకు లోపే. దీనికి కారణాలు పలు. యుద్ధం ఒకటి, పాత ఇళ్లలోని అసౌకర్యాలు ఒకటి. కాని అన్నింటికంటె బలమైన కారణం యాత్రికుల గదులకు గల గిరాకీ. ఒక కుటుంబం నెలంతా కాపురముండి ఇచ్చే అద్దె, యాత్రికులు కొద్ది రాత్రులకు చెల్లించే సొమ్ముకు సమానమైనప్పుడు ఇల్లు ఎవరికి దక్కుతుందో ఊహించడం కష్టం కాదు. కాపురాలు తగ్గినకొద్దీ కూరగాయల దుకాణం జ్ఞాపికల దుకాణమవుతుంది. చెప్పులు కుట్టేవాడి కొట్టు మూతపడుతుంది. పిల్లల ఆటలు వినిపించిన సందులో పెట్టెల చక్రాల చప్పుడు మిగులుతుంది. భూకంపాన్ని, గుండ్ల వర్షాన్ని తట్టుకొని నిలిచిన ఊరు జనం లేక రంగస్థలంగా మిగిలిపోయే ప్రమాదం ఏర్పడింది.

నగరపాలకులు ఈ ప్రమాదాన్ని గుర్తించారు. 2017లో 'నగరాన్ని గౌరవించండి' అనే కార్యక్రమాన్ని ఆరంభించారు. ఒకే సమయంలో రెండుకు మించి పెద్ద ఓడలు, 4 వేలకు మించి ఓడ ప్రయాణికులు ఉండకుండా 2019లో ఓడల సంస్థల సంఘంతో ఒప్పందం కుదుర్చుకున్నారు. పాత నగరంలో యాత్రికులకు ఇళ్లను అద్దెకిచ్చే కొత్త అనుమతులను నిలిపివేయాలని 2024లో నిర్ణయించారు. ఇవి 1377 నాటి శాసనం వంటివే. అప్పుడు రోగం నుంచి ఊరిని కాపాడుకోవలసి వచ్చింది, ఇప్పుడు మితిమీరిన ఆదరణ నుంచి కాపాడుకోవలసి వస్తున్నది.

అయితే యాత్రికులు అసలు రాకూడదా? అలా అనడం న్యాయం కాదు. గదులను అద్దెకిచ్చేవారిలో ఆ ఊరి కుటుంబాలవారే ఎందరో ఉన్నారు. ఒక గది అద్దెతో పిల్లలను చదివించుకొనేవారు, ముసలితనంలో పాత ఇంటిని మరమ్మతు చేయించుకొనేవారు ఉన్నారు. వారికి ఆ ఆదాయమే ఇల్లు విడవకుండా నిలిచే ఆధారం. పగలు వచ్చి ఫొటోలు తీసుకొని వెళ్లేవారి కంటే రెండు మూడు రాత్రులు నిలిచేవారి వల్లనే ఊరికి ఎక్కువ లాభం. వారు అక్కడ భోజనం చేస్తారు, సంతలో కొంటారు, బస్సెక్కుతారు, ఇంటివారితో మాట్లాడతారు. కాబట్టి దోషం రాత్రి నిలవడంలో లేదు. ఇంటివారిని వెళ్లగొట్టి ఆ ఇంట్లో నిలవడంలో ఉంది.

ఈ వివేకం యాత్రికుడికి అసాధ్యమైనది కాదు. కోట లోపలే ఉండాలనుకుంటే, కుటుంబం కాపురముంటున్న ఇంట్లోని గదిని వెదకవచ్చు. లేదా హోటలులో దిగవచ్చు. లాపద్‌లోనో, గ్రూజ్‌లోనో బస చేసి, ఓడలవారు వెళ్లాక సాయంత్రం, వారు దిగకముందు తెల్లవారుజామున బస్సులో కోటకు చేరితే పాత నగరపు సౌందర్యం లోపం లేకుండా దక్కుతుంది. ఒక్క రాత్రికి బదులు మూడు రాత్రులు ఉండి తొందర తగ్గించుకోవచ్చు. రాత్రి పది దాటాక సందుల్లో గొంతు తగ్గించి మాట్లాడవచ్చు. కిటికీ అవతల ఉన్నది మరునాడు బడికి పోవలసిన పిల్లవాడి గది అని గుర్తుంచుకుంటే చాలు.

స్ట్రాదున్ ప్రారంభంలో ఒనోఫ్రియో నిర్మించిన 15వ శతాబ్దపు జలాశయం ఉంది. సుమారు 12 కిలోమీటర్ల దూరం నుంచి కాలువ ద్వారా నీటిని తెచ్చి ఊరి దాహం తీర్చడానికి దానిని కట్టారు. నేటికీ దాని ధారల వద్ద బాటసారులు నీళ్లు పట్టుకుంటారు. ఊరివారి కోసం కట్టినది బాటసారికి కూడా ఉపయోగపడుతున్నది. బస విషయంలో పాటించవలసిన నీతి ఇందులోనే ఉంది. ఊరు ఊరివారికి నివాసంగా ఉన్నంతకాలమే అతిథికి అది విడిది కాగలదు. అక్కడ కాపురాలు లేనినాడు అతిథికి స్వాగతం పలికేవారు కూడా ఉండరు.